టిల్కా ఇంటి ఫ్రీజరు

ఆ చలికాలం కరెంటు పోయినన్నాళ్లూ నాకు పడ్డ పని ఒక్కటే. మా అత్తగారు యోహానాని ఎదురింటి టిల్కా ఇంట్లోంచి కదలకుండా చూసుకోవడం.

ఆవిడకి ఎనభై దాటాయి. అంతకు ముందు చలికాలమే నెమ్ము చేసి నెల రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. మరోసారి అలా చలి పడితే తట్టుకోలేదని డాక్టరు మా ఆయనకీ నాకూ విడిగా చెప్పాడు. మా ఇంట్లో చూస్తే రాత్రి మంచం పక్కన పెట్టిన గ్లాసులో నీళ్లు తెల్లారేసరికి పైన పొర కడుతున్నాయి. టిల్కా ఇంట్లో రొట్టెల పొయ్యి రాత్రింబవళ్లు వెచ్చగా ఉంది. రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒక రోడ్డు, అంతే. ఆవిడ ఎక్కడ ఉండాలో చిన్నపిల్లలైనా చెప్పేస్తారు.

కానీ మా అత్తగారితో ఒక చిక్కు ఉంది. ఎవరైనా చిన్న మాట జారితే చాలు, లేచి కోటు తొడుక్కుంటుంది. తను చేసిన అక్రోటు రొట్టెలో సగం ముక్క పళ్లెంలో వదిలేసిందని సొంత ఆడపడుచుతో ఏళ్ల తరబడి మాట్లాడలేదు. పెళ్లి విందుల్లోంచి లేచి వచ్చేసింది. ఒకసారి చర్చిలో పాట మధ్యలో లేచి వచ్చేసింది. ఎందుకో ఇప్పటికీ మాకు తెలియదు.

వాన శుక్రవారం మొదలైంది. పడడం వానలాగే పడింది, తగిలిన చోటల్లా గడ్డకట్టి గాజైపోయింది. కంచె గాజు, గేటు గడియ గాజు, బయట తీగ మీద మర్చిపోయిన మా ఆయన రూది చొక్కా చేతులు చాపుకుని గాజు. సాయంత్రానికి అడవి విరగడం మొదలైంది. తాతల నాటి పెద్ద చెట్లు ఆ బరువుకి నడుముల దగ్గర పటపటా విరిగిపోతుంటే కొండ మీద ఎవరో తుపాకులు పేలుస్తున్నట్టుంది. తర్వాత కరెంటు స్తంభాలు ఒకదాన్నొకటి లాక్కుంటూ కూలాయి. కింద పోస్తోయ్నా పట్నం నుంచి మా కొండ మీదికొచ్చే రోడ్డు చెట్ల కింద పడి కనబడకుండా పోయింది. మా ఆరిళ్ల పల్లెలో ఫ్రిజ్‌ల చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఒకటుందని అప్పటిదాకా గమనించనే లేదు.

మాది అడవి మధ్య ఊరు. గోడల పొడుగునా చూరు దాకా కట్టెలు పేర్చి ఉంటాయి. ఇల్లు వెచ్చబెట్టే మా బాయిలరు కట్టెలతోనే మండుతుంది. అయితే అందులో కాగిన నీళ్లని గదుల్లోకి తోసే పంపు కరెంటుది. పంపు లేకుండా బాయిలరు మండిస్తే పేలిపోతుంది. కాబట్టి మేం కట్టెల కొండ పక్కనే కూర్చుని వణికాం. ఒక్క మేమే కాదు, ఊరంతా అంతే. బాయిలర్లు వచ్చిన కొత్తలో అందరం పాత రొట్టెల పొయ్యిలు పగలగొట్టించేశాం. మా పొయ్యి ఉన్నచోట ఇప్పుడు నా సోఫా ఉంది. ఆ శనివారం పొద్దున్న మా అత్తగారు మూడు శాలువాలు చుట్టుకుని ఆ సోఫాలో కూర్చుంది. నా వైపు చూస్తూ సోఫా చేతిని రెండుసార్లు తట్టింది. తిట్టి ఉంటేనే బాగుండేది.

టిల్కా వాళ్ల పొయ్యి మాత్రం మిగిలిపోయింది. వాళ్లాయన లోయ్‌జే ప్రతి ఏడూ "వచ్చే వసంతంలో తీయిద్దాం" అంటూ వచ్చి, తీయించకుండానే నాలుగేళ్ల కిందట పోయాడు. సగం గది ఆక్రమించుకున్న పెద్ద పొయ్యి అది. చుట్టూ కూర్చోవడానికి అరుగు, పైన ఇద్దరు పడుకునేంత చోటు.

అక్కడికి వెళ్దామని మా ఆయన రూది వాళ్లమ్మని బతిమాలాడు. "ఒకళ్లింట్లో పడి ఉండే ఖర్మ నాకేం పట్టలేదు" అంది ఆవిడ. రూది స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో ఉన్నాడు. కొండంత చెట్టునైనా రోడ్డు మీంచి జరుపుతాడు గానీ వాళ్లమ్మని జరపలేడు. చివరికి నేను ఒక ఉపాయం పన్నాను. చెట్లు కోస్తున్న దళానికంతటికీ టిల్కా రొట్టెలు కాల్చాల్సి వస్తోందనీ, పాపం ఒక్కత్తీ సతమతమవుతోందనీ చెప్పాను.

"దానికి పిండి ఎప్పుడు పొంగింది గనక" అంటూ లేచింది మా అత్తగారు.

గడ్డి మోసే, చక్రాల్లేకుండా మంచు మీద జారే చెక్క బండి మీద కూర్చోబెట్టి రోడ్డు దాటించాం. రూది ముందు లాగాడు, నేను వెనక పట్టుకున్నాను. ఆవిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని బిషప్ గారిలా నిటారుగా కూర్చుంది. ఆ సాయంత్రమే ఆ జారుడు బండిని దళం వాళ్లు రంపాలు మోసుకోవడానికి పట్టుకుపోయారు.

చెప్పకూడదు గానీ, తర్వాతి రోజులు పండగలా గడిచాయి. నేనూ రూదీ పొయ్యి మీద పడుకున్నాం. ముసలాళ్లిద్దరూ లోపలి గదిలో ఒకే మంచం మీద పడుకుని, దుప్పటి ఎవరు లాక్కున్నారని పొద్దున్నే తగువాడుకునేవాళ్లు. వాళ్లిద్దరూ ఒకే బళ్లో చదువుకున్నారు. ఒకే ఏడాది ఎదురెదురు ఇళ్లకి కోడళ్లుగా వచ్చారు. అప్పటినుంచీ ఒకళ్ల కిటికీలోంచి ఒకళ్లని చూసుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు మధ్యలో కిటికీ అద్దాలు కూడా లేవు. మా అత్తగారు రెండో రోజుకే పొయ్యి పెత్తనం తీసుకుంది.

"పొయ్యి నీదైతే కావచ్చు. నిప్పు ఎలా చూసుకోవాలో నాకు తెలుసు" అంది.

"చూసుకో. మీ ఇంట్లో సోఫాని చూసుకుని చూసుకుని విసుగొచ్చుంటుంది" అంది టిల్కా.

నేను తల వంచుకుని బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చున్నాను.

కొవ్వొత్తుల పండగ ఆదివారం వచ్చింది. చర్చికి వెళ్లే దారి లేదు. కొవ్వొత్తులు పోయినేడు మంత్రించినవే ఉన్నాయి. ఫాదరు దీవెన ఏడాదికి చెడిపోయే సరుకు కాదని మా అత్తగారు తేల్చి చెప్పింది. వాటి వెలుగులోనే పేకాడాం. టీవీ లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. రూది పొద్దుపోయి ఇంటికొచ్చి, మీసాల మీది మంచు కరిగేదాకా అరుగు మీద కూర్చుని, "అమ్మ ఇంత కులాసాగా ఉండగా నేనెప్పుడూ చూళ్లేదు. ఈ కరెంటు ఇప్పట్లో రాకపోయినా నష్టం లేదు" అన్నాడు నా చెవిలో.

అప్పుడు ఫ్రీజరు గొడవ మొదలైంది.

ఊళ్లో ఎవరు ఎదురుపడినా ఫ్రీజరు మాటే. మా పల్లెల్లో ఏడాది తిండంతా అందులోనే ఉంటుంది. పంది మాంసం, దుప్పి మాంసం, చిక్కుళ్లు, అడవి పళ్లు. మొదటి రెండు రోజులూ మూత తీయకుండా కాపాడాం. ఆ తర్వాత కరగబోయేది ముందు వండెయ్యాలి. మా ఫ్రీజరుని మా అత్తగారు దగ్గరుండి ఖాళీ చేయించింది. కొంత వేయించి కొవ్వులో ముంచి జాడీల్లో పెట్టించింది, కొంత దళానికి వండి పెట్టించింది. బయట చలికి పెడదామంటే మొదటి రాత్రే నక్క వచ్చి దుప్పి కాలొకటి పట్టుకుపోయింది.

"ఇక నీది తియ్యి" అంది టిల్కాతో.

టిల్కా తన ఫ్రీజరు ఇంకా రాయిలా ఉందంది. మర్నాడు అడిగితే, దాని మీద రెండు పరుపులు కప్పానంది. ఆ మర్నాడు నిజంగానే వెనక నడవలోకి వెళ్లి చూస్తే, ఫ్రీజరు మీద పరుపులు, పరుపుల మీద టిల్కా కూర్చుని అల్లిక అల్లుకుంటోంది. ఆ నడవలో నోటి ఆవిరి కనబడేంత చలి.

"దాంట్లో లోయ్‌జేని దాచిందేమో" అంది మా అత్తగారు.

నాకు లోపల కాస్త మంటగానే ఉండేది. ఇంట్లో ఇంతమందిమి బార్లీ గంజి, పులవబెట్టిన క్యాబేజీ తింటుంటే ఈవిడ మాంసం మీద కోడిపెట్టలా కూర్చోవడమేమిటి? టిల్కా పిసినారి కాదే. చివరికి మా అత్తగారు ఒక సాయంత్రం పేకముక్కలు కలుపుతూ తీర్మానం చేసేసింది. రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక తనే స్వయంగా ఆ ఫ్రీజరు ఖాళీ చేస్తుంది. ఒకరి నిర్లక్ష్యానికి తిండి కుళ్లిపోతుంటే చూస్తూ కూర్చోలేదు.

మర్నాడు పొద్దున్నే టిల్కా బంగాళాదుంపలు ఏరాలని నన్ను నడవలోకి పిలిచింది. తలుపు వేసింది. పరుపులు తీసి, మూత ఎత్తింది.

పైన చిక్కుళ్లు, రాస్ప్‌బెర్రీలు ఉన్నాయి. వాటి కింద, అడుగుదాకా, సంచుల్లో నల్లగా వరసలు వరసలుగా మా ఇంటి నెత్తుటి సాసేజీలు.

వాటి సంగతి చెప్పాలి. మాలో ఏ ఇంట్లో పందిని కోసినా ఇరుగుపొరుగుకి పళ్లెం పంపాలి. పంది నెత్తురూ, బియ్యమూ, మసాలాలూ కలిపి పేగులో కూరి, రెండు చివర్లూ కొయ్య పుల్లలతో గుచ్చిన సాసేజీలు ఆ పళ్లెంలో ముఖ్యం. వద్దనడం అనేదే ఉండదు. వద్దంటే ఆ ఇంటినే వద్దన్నట్టు. మా అత్తగారి సాసేజీలకి చుట్టుపక్కల పేరుంది, కనీసం మా ఇంట్లో ఉంది. ప్రతి జనవరిలోనూ ఆవిడ పళ్లెం మీద తెల్ల గుడ్డ కప్పి ఇస్తే, రోడ్డు దాటి టిల్కా చేతికిచ్చేది నేనే. నేనిచ్చినవన్నీ నా కళ్ల ముందున్నాయి. పోయిన నెలవి పైన, అంతకు ముందు ఏడువి వాటి కింద, ఇంకా ముందువి ఇంకా కింద. అన్నిటికీ రూది చెక్కిన పుల్లలే. ఒక్కో పుల్లకీ మొదట్లో రెండు గాట్లు. అది మా మామగారి నాటి అలవాటు.

"లోయ్‌జే ఉన్నన్నాళ్లూ బాధ లేదమ్మా" అంది టిల్కా గుసగుసగా. "పళ్లెం వచ్చేది, ఆయన కూర్చునేవాడు, నేను పళ్లెం కడిగేదాన్ని. నాకు చిన్నప్పట్నించీ అది గొంతు దిగదు. వాసనకే తిప్పుతుంది."

"మరి ఆయన పోయాక చెప్పలేకపోయారా పిన్నీ?"

"ఆ ఏడు తగ్గించి పంపుతుందనుకున్నా. అన్నే పంపింది. ఒక్కటి కూడా తగ్గలేదు." టిల్కా చిక్కుళ్ల సంచి సర్దింది. "ఏం చెప్పను, నాకు బాగానే అనిపించింది. ఆ పళ్లెం చూస్తే ఆయన ఇంకా ఇంట్లో ఉన్నట్టే ఉంది. తీసుకున్నా. ఒకసారి తీసుకున్నాక రెండో ఏడు ఏ మొహంతో వద్దంటాను?"

పారెయ్యడానికి చేతులు రాలేదు, తిండి పారెయ్యడం పాపం. ఎవరికైనా ఇద్దామంటే ఆ రెండు గాట్ల పుల్లలు చూస్తే చాలు, పొద్దుగూకేలోపు మా అత్తగారి చెవిన పడిపోతుంది. ఒకసారి కుక్కకి పెట్టింది. అది తిన్నది తిని, పుల్లని నోట కరుచుకుని తిన్నగా మా గుమ్మంలో తెచ్చిపెట్టింది.

"మీ అత్త దాన్ని చూసి, 'పుల్లతో సహా నాకేశారన్నమాట' అని మురిసిపోయింది. నువ్వూ ఉన్నావు అప్పుడు" అంది టిల్కా.

ఉన్నాను. గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. కోటు తొడుక్కుంటున్న మా అత్తగారు కళ్ల ముందు కనబడ్డాక ఆ నవ్వు ఆగిపోయింది. ఈ మూత ఆవిడ ఎత్తిందంటే సాయంత్రానికి మా చల్లటి ఇంట్లో ఉంటుంది. దేవుడు దిగి వచ్చి చెప్పినా తిరిగి రాదు. ఆ గదిలో ఆవిడ దగ్గు ఎలా మొదలవుతుందో నాకు తెలుసు.

ఇద్దరం నేల మీద కూర్చుని పుల్లలు పీకడం మొదలుపెట్టాం. పుల్ల లేకపోతే సాసేజికి ఊరూ పేరూ ఉండదు. గడ్డకట్టిన పేగులోంచి పుల్ల అంత తేలిగ్గా రాదు. పటకారుతో పట్టుకుని, ఊపిరితో వెచ్చబెట్టి, తిప్పి లాగాలి. నా వేళ్లు నావి కాకుండా పోయాయి.

"ఏం చేస్తున్నారే అంతసేపు?" లోపల్నించి మా అత్తగారి గొంతు.

"బంగాళాదుంపలు ఏరుతున్నాం అత్తయ్యా."

"బంగాళాదుంపలా, ముత్యాలా?"

పుల్లలన్నీ టిల్కా జేబులో వేసుకుని పొయ్యిలో పారేసింది. సాసేజీల్ని పెద్ద రేకు పళ్లెంలో క్యాబేజీ మీద పరిచి పొయ్యిలో తోశాం. పాతవి బాగా ఎండిపోయి బెరడులా ఉన్నా, కొవ్వు తగిలాక మెత్తబడ్డాయి. ఎవరికీ కడుపునొప్పి రాలేదని ముందే చెప్పేస్తున్నాను.

రూదికి ఏమీ చెప్పలేదు. అతనికి అబద్ధం ఆడడం రాదు, వాళ్లమ్మ ముందు అసలే రాదు. దళం నాయకుడు సిల్వో ఒక్కడికే చెప్పాను. అతను రంపం గొలుసు తుడుచుకుంటూ విన్నాడు. అవి తూర్పున ఉన్న ష్టాయెర్స్కా ప్రాంతం ఆడవాళ్లు సాయంగా పంపినవని చెబుతానన్నాడు. నిజంగానే ఆ రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో లారీల్లో సాయం వస్తోంది.

మధ్యాహ్నం దళం వచ్చింది. రూది, సిల్వో, ఇంకో ఇద్దరు. హెల్మెట్లు గుమ్మంలో పెడితే వాటి చుట్టూ మడుగులు కట్టాయి. మా అత్తగారు బల్ల మొదట్లో కూర్చుంది. నేను పళ్లెం దించగానే ముక్కు పైకెత్తింది.

"ఎవరింటివి?"

"ష్టాయెర్స్కా నుంచి వచ్చాయి పెద్దమ్మా" అన్నాడు సిల్వో, ప్రమాణం చేస్తున్నవాడిలా.

ఆవిడ ఒకటి వేసుకుని, కోసి, నమిలింది. అందరం ఆవిడ దవడ వైపే చూస్తున్నాం.

"పాపం, వాళ్లని అనకూడదు, ఏదో మంచి మనసుతో పంపారు" అంటూ మొదలుపెట్టి అనవలసినవన్నీ అనేసింది. మరువం చేటతో పోశారు. బియ్యం ఇంకాస్త ఉడకాలి. నెత్తురు దగ్గర చెయ్యి వెనక్కి లాగారు. ష్టాయెర్స్కా వాళ్లకి ద్రాక్షసారా చేయడం తెలుసు గానీ పందిని ముట్టుకోవడం తెలియదు. ఇలాంటివి ఎవరైనా తన గుమ్మంలోకి తెస్తే మర్యాదకి తీసుకుని, తలుపేశాక పందికే పెట్టి ఉండేది.

టిల్కా అనుమానం రాకుండా తనూ ఒక ముక్క వేసుకుంది. కళ్లు మూసుకుని, మందు మింగినట్టు మింగి, నీళ్లు తాగుతోంది. ఆవిడ మొహం ఎర్రబడడం చూశాను. వాసనకి అనుకున్నాను. కాదు.

"అంత తీసిపారెయ్యడానికేం లేదు" అంది టిల్కా. "చేసిన మనిషి శ్రద్ధగానే చేసింది."

"నీకేం తెలుసు, ఎప్పుడు చేశావు గనక."

"చెయ్యకపోతేనేం. తెల్లారుజామున లేచి, చన్నీళ్లలో పేగులు కడిగి, ఇంటింటికీ పంపిన మనిషిని పట్టుకుని పందికి పెడతాననడం బాగాలేదు."

మా అత్తగారి సాసేజీల తరఫున మా అత్తగారితోనే టిల్కా పోట్లాడుతోంది. నేను బల్ల కింద ఆవిడ కాలు తొక్కాను. తొక్కింది సిల్వో బూటు.

అప్పుడు రూది నోటినిండా పెట్టుకుని, నిష్కల్మషంగా అన్నాడు. "నాకైతే మనింటివిలాగే ఉన్నాయమ్మా."

"మనింటివిలాగా? పుట్టినప్పట్నించీ నా చేతివి తిని, నీకిది..."

రూది నమలడం ఆపాడు. నోట్లో వేలు పెట్టి, పళ్ల సందులోంచి ఏదో తీశాడు. కిటికీ వెలుగు వైపు పెట్టి చూశాడు. పుల్ల. మొదట్లో రెండు గాట్లు. మేము పీకడం మరచినది ఒకటి పేగు మడతలో ఉండిపోయింది.

"ఇది నేను చెక్కిందే" అన్నాడు. అని, పుల్లని బల్ల మీద, అందరికీ కనబడేలా పెట్టాడు.

సిల్వో తన క్యాబేజీని శ్రద్ధగా చూడసాగాడు. మా అత్తగారు పుల్లని చూసింది, నన్ను చూసింది, టిల్కాని చూసింది. ఆవిడకి ఎవరూ ఏదీ రెండుసార్లు చెప్పనక్కర్లేదు.

"ఎప్పట్నించి?"

"లోయ్‌జే పోయినప్పట్నించి" అంది టిల్కా. "ఆయనే తినేవాడు. నేనెప్పుడూ తినలేదు యోహానా. ఒక్కటీ తినలేదు."

మా అత్తగారు మూతి తుడుచుకుంది. రుమాలు నాలుగు మడతలు పెట్టింది. లేచి మేకుకున్న కోటు తీసుకుంది.

"నేను ఇంటికి పోతున్నా."

నేను వెనకే పరిగెత్తాను. గుమ్మం బయట మెట్టు మీద నిలబడి ఉంది. ఎండ వచ్చింది. రోడ్డంతా, మా గేటుదాకా, కళ్లు చెదిరేలా అద్దం.

"చెయ్యి ఇయ్యి" అంది.

"ఇవ్వను అత్తయ్యా."

పెళ్లయి వచ్చినప్పట్నించీ ఆవిడతో అలా అనలేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏం?"

"ఇస్తే ఇంటికెళ్తారు. అక్కడ చలికి చచ్చిపోతారు."

ఆవిడ నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. రూది తలుపు దగ్గరికొచ్చాడు. వాళ్లమ్మ చెయ్యి చాపితే కాదనలేడని తెలిసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మా అత్తగారు ఇంక మమ్మల్ని అడగలేదు. ఒక పాదం మంచు మీద పెట్టింది. అది జారింది. వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది.

ఇంతలో టిల్కా నన్ను పక్కకి నెట్టుకుంటూ బయటికొచ్చింది. కాళ్లకి లోయ్‌జే బూట్లు, చేతిలో పొయ్యి బూడిద బకెట్టు, చిన్న పార. ఎవరి వైపూ చూడకుండా మెట్టు దిగి, మా ఇంటి వైపు బూడిద చల్లుకుంటూ నడవడం మొదలుపెట్టింది.

"పిన్నీ, ఏం చేస్తున్నారు?" అన్నాను. ఇన్నాళ్ల నా కష్టమంతా ఆ పారతో ఎత్తి పోస్తున్నట్టుంది.

"పోతానంటోందిగా. తుంటి విరక్కుండా పోనీ."

మా అత్తగారు ఒక క్షణం నిలబడి, ఆ బూడిద మీద కాలు పెట్టింది. కాలు నిలిచింది. ఇంకో అడుగు వేసింది. ముందు టిల్కా, ఆవిడ వెనక మా అత్తగారు, రెండడుగుల వెనక నేను.

"పల్చగా చల్లుతున్నావు" అంది మా అత్తగారు.

"ఉన్నది ఇంతే."

"వంగి చల్లు. పైనుంచి పోస్తే గాలికి పోతుంది."

"నా బూడిద, నా ఇష్టం."

రోడ్డు మధ్యకి వచ్చేసరికి పార బకెట్టు అడుగున గీరుకుంది. టిల్కా బకెట్టు బోర్లించి అడుగు తట్టింది. చారెడు రాలింది.

"అయిపోయింది" అంది.

మా అత్తగారు ముందుకి చూసింది. మా గేటుదాకా గాజు. వెనక్కి చూసింది. టిల్కా గుమ్మందాకా బూడిద రంగు దారి. ఇద్దరు ముసలాళ్లూ నడిరోడ్డు మీద ఒకళ్లకొకళ్లు అడ్డంగా నిలబడిపోయారు. కొండ మీద ఎండ తగిలిన కొమ్మల్లోంచి మంచు గలగలా రాలుతోంది.

"అన్నీ ఆయనే తినేవాడా?" అంది మా అత్తగారు, ఎటో చూస్తూ.

"అన్నీ."

"ఏమనేవాడు?"

టిల్కా ఖాళీ బకెట్టులోకి చూసింది. ఏదో ఒక మంచి మాట అబద్ధం చెప్పమని నేను వెనక నుంచి మొక్కుకున్నాను.

"మరువం ఎక్కువైందనేవాడు" అంది టిల్కా. "ప్రతి ఏడూ అనేవాడు. అంటూనే పళ్లెం రొట్టెతో తుడుచుకు తినేవాడు."

మా అత్తగారి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్లాను. నవ్వుతోంది. చప్పుడు రాకుండా, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నవ్వుతోంది.

"ఎక్కువే. ఇవాళ తిన్నాగా" అంది.

టిల్కా కూడా నవ్వింది, బకెట్టు పట్టుకుని. కాసేపటికి మా అత్తగారు చేతి తొడుగుతో ముక్కు తుడుచుకుంది.

"మరి నువ్వేం తింటావే?"

"మాంసం సాసేజీలు. పెనం మీద కాల్చేవి."

"యాభై ఏళ్లు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నీకా?" అంది టిల్కా.

మా అత్తగారు కాళ్లు గడ్డకడుతున్నాయనీ, మనిషిని ఇలా నడిరోడ్డు మీద నిలబెట్టడానికి బుద్ధి ఉండాలనీ విసుక్కుంది. నా చెయ్యి కాదు, టిల్కా చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా వెనక్కి తిరిగి, చల్లిన బూడిద మీదే నడుచుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు. నా పక్కనుంచి పోతూ, "అత్తకి చెయ్యి ఇవ్వని కోడలు" అంది. తిట్టులా అనలేదు. కిందటి జనవరిలో మా పంది బరువెంతో ఊరికి గొప్పగా చెప్పినప్పటి గొంతు అది.

లోపల సిల్వో, మిగతా ఇద్దరూ రేకు పళ్లెం ఖాళీ చేసి, క్యాబేజీ పోచ కూడా లేకుండా తుడిచి పెట్టారు. మా అత్తగారు ఆ పళ్లెం వైపు ఒకసారి చూసి, అరుగు మీద తన చోటులో కూర్చుంది.

కరెంటు ఇంకా చాలా రోజులకి గానీ రాలేదు. రాజధాని ల్యుబ్లియానా నుంచి, సరిహద్దు అవతలి నుంచి మనుషులొచ్చి కొత్త స్తంభాలు పాతారు. ఒక మధ్యాహ్నం మా ఇంట్లో బాయిలరు పంపు గుర్రుమంది. ఒకటొకటిగా గదులు వెచ్చబడ్డాయి. గోడలు చెమర్చాయి. నేను పరుపులు ఎండబెట్టి, మా అత్తగారి మంచం మీద శుభ్రమైన దుప్పటి పరిచి, రోడ్డు దాటి ఆవిణ్ణి తీసుకురావడానికి వెళ్లాను. దారిలో మంచు కరిగి బురదైంది. ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని పేకాడుతున్నారు. దీపం వెలుగుతున్నా పక్కన కొవ్వొత్తి కూడా వెలిగించే ఉంది.

"ఇల్లు వెచ్చబడింది అత్తయ్యా, వెళ్దామా?" అన్నాను.

"ఇది దొంగాట ఆడుతోంది. తేల్చకుండా ఎలా వస్తాను?" అంది, తల ఎత్తకుండానే.

ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. రూది కోటు విప్పేసి, ఒక్క చొక్కాతో, కాళ్లు చాపుకుని నా సోఫాలో కూర్చుని ఉన్నాడు. నా వెనక ఎవరూ లేకపోవడం చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మేది?"

"రానంది."

"ఎవరేమన్నారు?" అన్నాడు కంగారుగా.

"ఎవరూ ఏమీ అనలేదు" అన్నాను.